హాలీ సిక్కా – కల్దారు

పూర్వము హైదరాబాదు రాజ్యమునకు ప్రత్యేక నాణెము గలదు. దానిని హాలీ సిక్కా యనిరి. బ్రిటిషు ఇండియా రూపాయికి కల్దారు అని పేరు. 6 కల్దారు రూపాయలు 7 హాలీ రూపాయలకు సమానము.

1931లో నిజాంసాగరము పూర్తి కాగా కోస్తా జిల్లాల రైతులు పెక్కుమంది నిజామాబాదు, బోధను ప్రాంతములకు వచ్చి భూములు కొనిరి. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసెను. చెరకు సాగు పెరిగెను. రైతు తెచ్చిన 600 కల్దారు రూపాయలు ఇచ్చట 700 హాలీ రూపాయలగును. లెక్క తెలియనివాని చేతిలో 650 పెట్టినచో అతనికి 50 రూపాయలు నష్టము. అయినను 50 లాభమనియే అతడు సంతసించును!

1950వ దశకములో హాలీ సిక్కా అంతరించెను. లెక్క మాత్రము మిగిలియున్నది. నేడు ఈ జిల్లానుండి అనేకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. అచ్చట బ్యాంకు కార్డును యంత్రములో నుంచినపుడు, “రూపాయలలోనా, ఈ దేశపు నాణెములోనా?” అను ప్రశ్న వచ్చుట కలదు. రూపాయి యనగానే మనసు అటు మొగ్గును. కాని అట్లు కోరినచో మారకపు ధరను యంత్రమువారే నిర్ణయింతురు. సాధారణముగా అది హెచ్చు ఖర్చు. ఆ దేశపు నాణెమును కోరుటయే మేలు. రుసుము సంగతి ముందే బ్యాంకులో విచారించి, కార్డు చెల్లని చోటికై కొంత రొక్కము వేరుగా ఉంచుకొనవలెను.

పరిచితమైన రూపాయి కంటబడినంత మాత్రమున లెక్క మానరాదు.