తప్పు అక్షరం, తాళం పడ్డ పెట్టె

జన్యువులో తప్పు జరిగితే క్యాన్సరు వస్తుందని మనం పాఠంలో చదువుకున్నాం. ఆ తప్పునే ఉత్పరివర్తనం అంటారు. కానీ చాలాసార్లు ఆ ఒక్క తప్పే చాలదట! ఇది తెలిసి నాకు భలే ఆశ్చర్యం వేసింది. అందుకే రాస్తున్నాను.

మన కణంలోని డి.ఎన్.ఎ.ని ఒక నోటు పుస్తకం అనుకోండి. అందులో ఒక అక్షరం మారిపోతే అది ఉత్పరివర్తనం. ఇంకో రకం మార్పు కూడా ఉంది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. కానీ పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేస్తే ఎలా చదువుతాం? ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు కలిస్తే మిథైల్ సమూహం. ఇవి జన్యువు మొదట్లో గుంపుగా అంటుకుంటే ఆ జన్యువు పని ఆగిపోతుంది. దీన్ని ఎపిజెనెటిక్ మార్పు అంటారు. కణాన్ని అదుపులో పెట్టే జన్యువుకే తాళం పడితే?

2017లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బేలిన్ బృందం దీన్ని పరీక్షించింది. మనిషి శ్వాసనాళపు కణాలను గాజు పాత్రల్లో పెంచి, వాటికి నెలల తరబడి సిగరెట్టు పొగ సారం పట్టించారు. మెల్లమెల్లగా చాలా జన్యువులకు తాళాలు పడ్డాయి. తర్వాత శాస్త్రవేత్తలే ఆ కణాల్లో కేరాస్ అనే జన్యువు తప్పును పెట్టారు. 6 నెలలు పొగ తగిలిన కణాలు క్యాన్సరుగా మారలేదు. 15 నెలలు తగిలినవి మారిపోయాయి! తప్పు ఒక్కటే. తేడా అంతా ముందుగా పడిన తాళాలదే. ఎండిన అడవిలో నిప్పురవ్వ పడినట్టన్నమాట.

మా తాత చుట్ట తాగుతాడు. "ఇన్నేళ్లు తాగాను, ఇప్పుడు మానితే ఏం లాభంరా?" అంటాడు. లాభం ఉంది. తప్పు పడిన అక్షరం మళ్ళీ మామూలుగా మారదు. తాళాలు మాత్రం కొన్ని ఊడతాయి. 2016లో దాదాపు 16 వేల మంది రక్తం పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. పొగ మానినవారిలో ఇలాంటి గుర్తులు చాలా వరకు 5 ఏళ్లలోనే, ఎప్పుడూ తాగనివారి స్థాయికి వచ్చేశాయి. కొన్ని మాత్రం 30 ఏళ్లయినా పోలేదు. అంటే ఎంత తొందరగా మానితే అంత మంచిది. అసలు మొదలెట్టకపోతే ఇంకా మంచిది.

చుట్ట, బీడీ కూడా పొగాకే. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. ప్రహరీ గోడ వెనక బీడీ ముట్టించే అన్నలూ, ఇది మీక్కూడా!