ఉప్పు నీటి చేలకు చివికిన ఎరువు

ఈశాన్య రుతుపవనాల వానలు వెనక్కి తగ్గిన కొత్తలో బాపట్ల, చీరాల తీరపు దొరువుల్లో నీరు బాగానే ఉంటుంది. ఎండ ముదిరే కొద్దీ అదే నీరు ఉప్పదేలుతుంది. ఈ ఇసుక నేలల్లో వాన నీరు తేలిక కాబట్టి అడుగునున్న ఉప్పు నీటి మీద పొరగా నిలుస్తుంది. మోటారుతో గట్టిగా తోడేస్తే కింది ఉప్పు నీరు పైకి ఎగదన్నుతుంది. వేరుశనగ, మిరప, కూరగాయలు వేసేవారు ఈ గడ్డుకాలానికి దుక్కిలోనే సిద్ధపడాలి. అందుకు మొదటి సాయం బాగా చివికిన సేంద్రియ ఎరువు.

ఒక్క తడితో ఎంత ఉప్పు?

నీటి ఇ.సి. (లవణాల మోతాదును తెలిపే విద్యుత్ వాహకత) మీటరుకు 2 డెసిసైమన్లు ఉంటే లీటరుకు సుమారు 1.3 గ్రాముల లవణాలు ఉన్నట్టు. ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి అంటే 2 లక్షల లీటర్లు. అంటే ఒక్క తడితోనే 250 కిలోలకు పైగా లవణాలు చేలో చేరుతాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అది పేరుకుంటే నేలలో తేమ ఉన్నా వేరు పీల్చుకోలేదు. ఆకుల అంచులు మాడి, మొక్క గిడసబారుతుంది. ఉల్లి, మిరప పైర్లకు నీటి ఇ.సి. సుమారు 1 దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. టమాటా 1.7 వరకు, వేరుశనగ 2 వరకు ఓర్చుకుంటాయి.

కంపోస్టు చేసే మేలు

కంపోస్టు ఉప్పును మాయం చేయదు. ఉప్పు వేళ్ల కిందికి దిగిపోయేలా నేలను సిద్ధం చేస్తుంది. ఇసుక నేలలో తేమను పట్టి ఉంచి, తడికీ తడికీ మధ్య ఉప్పు గాఢత పెరగకుండా ఆపుతుంది. బరువు నేలను గుల్లబరచి నీరు ఇంకే దారి చేస్తుంది. అది అందించే కాల్షియం, పొటాష్ సోడియం ప్రభావాన్ని కొంత తగ్గిస్తాయి. కానీ ఉప్పును కిందికి దించేది నీరే. వాన నీటిని చేలోనే ఇంకించాలి. మంచి నీరు దొరికినప్పుడు ఒక తడి నిండుగా ఇవ్వాలి. అదనపు నీరు బయటికి పోయే మురుగు కాలువ కూడా ఉండాలి.

ఎంత, ఎప్పుడు?

వేరుశనగకు ఎకరాకు 4 టన్నులు, మిరపకు, కూరగాయలకు 8 నుంచి 10 టన్నుల పశువుల ఎరువు లేదా కంపోస్టు ఆఖరి దుక్కికి ముందు చల్లి, పై 15 సెంటీమీటర్ల మట్టిలో కలియదున్నాలి. అంత దొరకనివారు ఉన్నదాన్ని మొక్కల సాళ్లలోనే వేసుకోవాలి. తొలకరిలో జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే ఎరువు కొరత కొంత తీరుతుంది. జీలుగ ఉప్పును బాగా తట్టుకుంటుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

• పచ్చి పేడ వేయొద్దు. అది చివికేటప్పుడు పైరుకు అందాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులు వాడుకుంటాయి. వేరుపురుగు, చెదల బెడదా పెరుగుతుంది.
• ఉప్పు నీటితో కంపోస్టు కుప్ప తడపొద్దు. తడిపిన కొద్దీ ఉప్పు కుప్పలోనే పేరుకుంటుంది. వానాకాలంలో కుప్ప వేసి, జడివానకు సారం కొట్టుకుపోకుండా కప్పి ఉంచండి.
• కోళ్ల ఎరువులో లవణాలు ఎక్కువ. చివకకుండా, మోతాదు మించి వేయొద్దు. పట్టణ కంపోస్టు కొనేటప్పుడు ఇ.సి. అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అది 4కు మించరాదు.
• నీటిలో కార్బొనేట్లు ఎక్కువై నేల కారుచౌడుగా మారుతుంటే కంపోస్టు ఒక్కటే చాలదు. ఆ నేలలో హ్యూమస్ కరిగి పైకి వచ్చి నల్లటి పొర కడుతుంది. పరీక్ష ఫలితాన్ని బట్టి జిప్సం కూడా వేయాలి.

తడులు ఇచ్చే తీరు

మొలక దశ అన్నిటికన్నా సున్నితం. ఉన్న మంచి నీటిని విత్తనానికీ, నారుకూ కేటాయించి, ఉప్పు నీటిని పైరు ఎదిగాక వాడండి. బోదె తలమీద ఉప్పు పేరుకుంటుంది కాబట్టి మొక్కను బోదె పక్క వాలులో నాటండి. సాళ్ల మధ్య వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ పరిస్తే ఆవిరి తగ్గుతుంది. డ్రిప్ ఉంటే కొద్దికొద్దిగా తరచూ ఇవ్వండి. స్ప్రింక్లర్‌తో ఎండవేళ ఉప్పు నీరు చల్లితే ఆకు మాడుతుంది. దొరువును ఒకేసారి తోడేయకుండా విరామాలిస్తూ తోడండి.

ముందు నీటి పరీక్ష

మోటారు కొంతసేపు నడిచాక శుభ్రమైన సీసాను అదే నీటితో కడిగి, అర లీటరు నిండా పట్టి, ఆలస్యం చేయకుండా భూసార పరీక్షా కేంద్రానికి గానీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ ఇవ్వండి. వానల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో మరోసారి పరీక్ష చేయించండి. ఆ రెండు ఫలితాలు చేతిలో ఉంటే ఏ పైరు వేయాలో, జిప్సం కావాలో వద్దో తేలిపోతుంది. ఎరువుల కుప్ప మాత్రం ఆ ఫలితం కోసం ఆగనక్కర్లేదు. వచ్చే పంటకు కావలసిన ఎరువును ఇప్పటి నుంచే చివకనివ్వండి.