నీళ్ళ వార్తలో లెక్క



మా తరగతిలో వారానికి ఒకరోజు లెక్కల టీచరు పాత పేపర్లు తెస్తారు. వార్తలో ఉండే అంకెలతోనే లెక్కలు చేయిస్తారు. బంగారం ధర, బస్సు చార్జీలు, ఎండ డిగ్రీలు అన్నీ అయినాయి. నేను మాత్రం శ్రీశైలం డ్యాం నీళ్ళ వార్త గురించి రాస్తాను. ఎందుకంటే దాంట్లో నేను తప్పు చేసినాను.

సంక్రాంతి సెలవులకు గూడేనికి పోయినప్పుడు నాయన పేపరు ముక్క ఒకటి తెచ్చి, "డ్యాంలో నీళ్ళు ఎన్ని ఉండాయో చూడు పాపా" అన్నాడు. కాలువ కింద రెండో పంట పెడితేనే నాయనకు కూలి దొరికేది. పేపర్లో నీటిమట్టం 854 అడుగులు, పూర్తి మట్టం 885 అని ఉంది. నేను గబగబా శాతం కట్టినాను. 854ను 100తో గుణించి 885తో భాగిస్తే 96 వచ్చింది. "నూటికి 96 వంతులు ఉండాయి నాయనా, 31 అడుగులే తగ్గింది" అని చెప్పినాను. మా ఇంట్లో చదువుకునేది నేనొక్కదాన్నే కాబట్టి ఎవరూ మళ్ళీ అడగలేదు. నాయన, చిన్నాయన చార్జీలు పెట్టుకొని పోయినారు. అక్కడ రెండో పంట ఎవరూ పెట్టలేదంట. మూడో రోజుకే తిరిగొచ్చినారు. నన్ను ఏమీ అనలేదు.

బడికి వచ్చినాక టీచరుకు చూపించినాను. గుణకారం, భాగహారం రెండూ సరిగానే ఉన్నాయన్నారు. మరి తప్పు యాడుంది?

మొదటిది, ఆ 854 అడుగులు నీళ్ళ లోతు కాదు. సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. డ్యాం అడుగే సముద్రం కంటే వందల అడుగులు పైన ఉంటుంది. (ఇక్కడ అడుగు అంటే కింది భాగం. తరగతిలో ఈ మాటకు అందరమూ నవ్వినాము.) రెండోది, డ్యాం మన డ్రమ్ము మాదిరి నిటారుగా ఉండదు, మూకుడు మాదిరి పైకి పోయేకొద్దీ వెడల్పు. అందుకని పైన ఒక అడుగు తగ్గితే చాలా నీళ్ళు పోయినట్టు.

కాబట్టి అడుగులు కాదు, పక్కనే ఉండే టీఎంసీలు చూడాలి. 885 అడుగుల దగ్గర 215.8 టీఎంసీలు. 854 దగ్గర దాదాపు 90. ఇప్పుడు శాతం కడితే 42 కూడా రాదు. నేను 96 అని చెప్పినాను!

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. 300 మంది ఉండే హాస్టల్లో మనిషికి 15 లీటర్ల బకెట్లు నాలుగు వాడితే రోజుకు 18,000 లీటర్లు. ఆ లెక్కన ఒక్క టీఎంసీ 4,300 ఏళ్ళు వస్తుంది. మన కొళాయి కాడ కొట్లాట మాత్రం రోజూ ఉంటుంది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు పారడం. రోజుకు 86,400 సెకన్లు. అందుకే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ అంకె నోటికి పెట్టుకోండి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 25 లక్షలను 11,574తో భాగిస్తే 216. అంటే ఆ వేగంతో ఒక్క రోజు పారితే ఖాళీ డ్యాం మొత్తం నిండిపోతుంది. ఈ జవాబు వచ్చినప్పుడు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకొకటి. డ్యాం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి 215.8కి వచ్చింది. అంటే పాత వార్తలోని శాతాన్ని ఇప్పటి శాతంతో పోల్చకూడదు, కింద ఉండే అంకె మారింది.

మీకొక లెక్క: డ్యాంలో 90 టీఎంసీలు ఉన్నాయి. రోజూ 2 లక్షల క్యూసెక్కులు వస్తున్నాయి, కిందికి ఏమీ వదలడం లేదు. నిండడానికి ఎన్ని రోజులు? కింద తెల్లకాగితం అంటించినాను. జవాబు ఒక్కటే కాదు, ఎట్ల చేసినారో కూడా రాయండి.