పడిన స్క్రిప్టు తిరిగి లేచుటను గూర్చి

చిరంజీవి మేనల్లునికి,

నీ ఉత్తరము చేరినది. పాత తెలుగు మాసపత్రికల పుటల స్కాన్‌లను టెసరాక్టు చేత చదివించి పాఠముగా మార్చుటకు నీవు పైతాన్‌లో వ్రాసిన స్క్రిప్టు నడిరేయి ఆగిపోవుచున్నదనియు, తెల్లవారి చూచుసరికి తెరమీద రెండు పంక్తుల దోషవాక్యము తప్ప మరేమియు మిగులుట లేదనియు, అది తనంతట తాను తిరిగి మొదలగు ఉపాయము తెలుపుమనియు వ్రాసితివి. ఉపాయము చెప్పుట కష్టము కాదు. స్క్రిప్టును ఆ ఉపాయమునకు తగినదిగా దిద్దుటయే అసలు శ్రమ. ఐనను నీవడిగినదే మొదట చెప్పెదను.

యూనిక్స్ సంప్రదాయమునకు చెందిన యంత్రములలో, మొట్టమొదటిది తప్ప, ప్రతి ప్రాసెస్‌ను మరియొక ప్రాసెస్ పుట్టించును. పిల్ల ప్రాసెస్ ముగిసిన వార్తయు, అది సవ్యముగా ముగిసినదో చంపబడినదో తెలుపు సంఖ్యయు కెర్నెల్ ద్వారా తల్లి ప్రాసెస్‌కే చేరును. కనుక మరణించినదానిని తిరిగి లేపు పని దానిని పుట్టించినవారికే అప్పగించుట న్యాయము. ఐదేసి నిమిషములకు క్రాన్ వచ్చి, ఒక ఫైలులో వ్రాసిపెట్టిన ప్రాసెస్ సంఖ్య ఇంకను బ్రతికియున్నదా అని విచారించు పద్ధతి నీవు తలపెట్టితివి కదా. అది నాకు సమ్మతము కాదు. ఆ సంఖ్యలు అనంతములు కావు. లినక్స్‌లో చిరకాలము వాటి సహజావధి 32768గా నుండెను; అవధి ఏదైనను, అది దాటినచో పాత సంఖ్యలే మరల వాడబడును. నీ స్క్రిప్టు ఎన్నడో మరణించియుండగా దాని సంఖ్యను వేరొక ప్రాసెస్ ధరించియుండిన, విచారింపవచ్చిన క్రాన్ అంతయు క్షేమమేయని తలచి తిరిగిపోవును.

నీ యంత్రమున లినక్స్ ఉన్నది గనుక, సర్వీసులను పుట్టించి కాచు సిస్టమ్‌డి బహుశా ఉండియే యుండును. ఒక చిన్న యూనిట్ ఫైలు వ్రాసి, అందు సర్వీస్ విభాగమున రీస్టార్ట్ అను పదమునకెదురుగా ఆన్-ఫెయిల్యూర్ అని నిర్దేశింపుము. ఆల్వేస్ అని వ్రాయకుము. పుటలన్నియు ముగించి సున్నా సంఖ్యతో సవ్యముగా నిష్క్రమించిన స్క్రిప్టును మరల లేపుట వలన ప్రయోజనము లేదు. రెండు ప్రయత్నముల నడుమ విరామము నీవు చెప్పనిచో అది సెకనులో పదవ వంతు మాత్రమే. దానిని 30 సెకనులకు పెంచుము. ఇచ్చట ఒక మెలిక కలదు, శ్రద్ధగా చదువుము. పది సెకనులలో ఐదు మారులకు మించి మొదలుపెట్టవలసివచ్చినచో సిస్టమ్‌డి ఇక ప్రయత్నము మానివేయును. ఇది దానికి సహజముగా నున్న నియమము. నీవు విరామమును 30 సెకనులు చేసితివా, పది సెకనులలో ఐదు మారులన్నది ఎన్నటికిని సంభవింపదు, ఆ కట్టుబాటు ఉండియు లేనిదగును, చెడిన స్క్రిప్టు రాత్రియంతయు లేచుచు పడుచు నుండును. కావున స్టార్ట్ లిమిట్ ఇంటర్వల్ సెక్ అనుదానిని యూనిట్ విభాగమున 600గా వ్రాసి ఆ అవధిని విశాలము చేయుము.

లేపుటకు హద్దుండవలెనన్న తెలివి నేటిది కాదు. సిస్టమ్‌డి 2010లో వచ్చుటకు ఎంతో పూర్వమే, లినక్స్‌లోని పాత ఇనిట్ తాను కాచు ప్రాసెస్ మరీ వేగముగా మరణించుచున్నచో దానిని ఐదు నిమిషములు నిలిపివేసెడిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కొఱకు ఎరిక్సన్ సంస్థ ప్రయోగశాలలో జనించిన ఎర్లాంగ్ భాషలో ఈ తెలివి ఒక దర్శనముగానే పరిణమించినది. దాని నిర్మాతలలో ప్రముఖుడైన జో ఆర్మ్‌స్ట్రాంగ్ 2003లో సమర్పించిన సిద్ధాంతగ్రంథము ఈ విషయమునే విస్తరించి చెప్పును. పనిచేయు ప్రాసెస్ తన లోపములన్నిటిని తానే సర్దుకొనజూడక మరణింపవచ్చును, దానిని లేపుటకు పైన ఒక పర్యవేక్షకుడుండును, నియతకాలములో నియతసంఖ్యకు మించి లేపవలసివచ్చినచో ఆ పర్యవేక్షకుడును విరమించి తన పైవానికి ఆ సమస్యను అప్పగించును. నీ పని చిన్నదే కావచ్చును గాని, దానికి పైవాడవు నీవు. ఎప్పుడు నీయొద్దకు రావలెనో యంత్రమునకు ముందే చెప్పియుంచుట నీ ధర్మము.

ఇక అసలు శ్రమ. నీ స్క్రిప్టు ఎన్ని మారులు లేచినను మొదటి పుటనుండియే ఆరంభించును గదా! అట్టిదానిని లేపుట వలన విద్యుత్తు వ్యయమగుటయే గాని పని ముందుకు సాగదు. పారాయణము చేయు పెద్దలు ఆనాటికి ఆగిన పత్రమున దారముంచి, మరునాడు ఆ దారమున్న చోటనే గ్రంథము విప్పుదురు. నీ స్క్రిప్టునకును అట్టి గురుతు కావలెను. ఆ గురుతు స్మృతిలో గాక డిస్కుమీద నుండవలెను, ఏలయన ప్రాసెస్‌తో పాటు దాని స్మృతియు నశించును. ప్రతి పుట పాఠమును ఆ పుట సంఖ్యయే పేరుగా గల వేరొక ఫైలులో వ్రాయుము. అన్నిటిని ఒకే పెద్ద ఫైలు చివర చేర్చుచు పోకుము. అట్లు చేర్చినచో సగములో ఆగి తిరిగి లేచినపుడు ఒకే పుట రెండుసార్లు వచ్చును. విడిగా వ్రాసినచో రెండవసారి వ్రాసినది మొదటిదానిపైననే పడి, ఏ హానియు జరుగదు. వ్రాయునపుడును ముందుగా తాత్కాలిక నామముతో వ్రాసి, డిస్కునకు చేరినదని నిశ్చయపరచుకొని, పిమ్మట అసలు పేరునకు మార్చుము. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చుట అఖండమైన క్రియ. చూచువారికి పాతదైనను కనబడును, క్రొత్తదైనను కనబడును, సగము వ్రాసినది మాత్రము కనబడదు. ఇట్లు చేసితివేని వేరు గురుతు కూడ అక్కరలేదు. ఫైలు ఉన్న పుట ముగిసినది, లేనిది మిగిలినది.

ఏదో ఒక పుట, చెదలు తిన్నదో చిత్రము చెడినదో, చదువబోయిన ప్రతిసారియు స్క్రిప్టును పడగొట్టునట్టిదై యుండవచ్చును. పుట మొదలుపెట్టుటకు ముందే దాని ప్రయత్నసంఖ్యను డిస్కుమీద వ్రాసి, మూడు దాటినచో దానిని వేరొక జాబితాలో చేర్చి ముందునకు సాగుము. ఆ జాబితాను ఉదయమున నీవు స్వయముగా చూడవలెను.

మరణకారణమును, సిస్టమ్‌డి లాగ్‌ను చూపు జర్నల్‌కంట్రోల్‌లో చదువకుండ ఏ ఉపాయముతోను తృప్తి చెందకుము. నీవు వ్రాసిన లక్షణములనుబట్టి, గంటలు గడచినకొలది స్మృతి పెరుగుచుండి, తుదకు కెర్నెల్ దానిని చంపుచున్నదని నాకు తోచుచున్నది. అదియే నిజమైనచో లాగ్‌లో తొమ్మిదవ సంకేతముచే చంపబడినట్లు కనబడును. చిత్రములను తెరచి మూయకుండుటయే తరచుగా స్మృతి పెరుగుటకు హేతువు, అచ్చట వెదకుము.

మరణింపక స్తంభించిన స్క్రిప్టును గూర్చి నీవు తలంపలేదు. నా దృష్టిలో అది మరణముకన్న ప్రమాదకరము, ఏలయన తల్లికి వార్తయే అందదు. సిస్టమ్‌డిలో వాచ్‌డాగ్ అను ఏర్పాటు కలదు. స్క్రిప్టు నియతకాలములో తాను జీవించియున్నానని సందేశము పంపనిచో, దానిని ముగించి తిరిగి లేపును. ఆ సందేశమును ప్రతి పుట ముగిసిన పిమ్మట ప్రధానమైన ఆవృత్తినుండియే పంపుము. దానికొఱకు వేరొక థ్రెడ్‌ను నియమించినచో, పని ఆగిపోయినను ఆ థ్రెడ్ క్షేమసమాచారము పంపుచునే యుండును.

ఇవన్నియు కుదిరిన పిమ్మట రాత్రికి వదలుటకు పూర్వము, పట్టపగలు నీ కన్నులయెదుట, ఒక పుట నడుమనుండగా ఆ ప్రాసెస్‌ను తొమ్మిదవ సంకేతముతో నీవే చంపుము. 30 సెకనులు గడువనిచ్చి, అది ఏ పుటనుండి లేచినదో, ఏదైన ఫైలు సగములో నిలిచినదో పరిశీలింపుము. తరువాత యంత్రమునే ఆపి తిరిగి ఆరంభింపుము; యూనిట్‌ను ఎనేబుల్ చేయుట మరచినచో, కరెంటు పోయి వచ్చినపుడు అది లేవదు. ఈ రెండు పరీక్షల ఫలితమును, జర్నల్‌లోని చివరి ఇరువది పంక్తులను నాకు వ్రాయుము.

ఇట్లు,
నీ మామయ్య