వృద్ధులు పడిపోకుండుట యెట్లు?

చిప్పగిరిలో విజయదాసులవారి కట్ట గలదు. 1755లో ఆయన ఇచ్చటనే పరమపదించెను. ఏటేట కార్తీక శుద్ధ దశమినాడు ఆరాధన జరుగును. తన కాళ్లపై తాను నడచి ఆ కట్టను దర్శించు అవ్వకు కలుగు తృప్తి మంచము పట్టిన అవ్వకు దొరకదు. ఈ రెండు స్థితులకు నడుమనున్నది ఒక్కొక్కప్పుడు ఒక్క జారుపాటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ననుసరించి, ఏటా 6,84,000 మంది పడిపోవుటచే మరణించుచున్నారు. అందు నూటికి 80 మందికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశములవారే. ప్రాణము దక్కినను, తుంటి యెముక విరిగినవారు పలువురు మునుపటివలె నడువలేరు.

తొడల కండరములు సన్నగిల్లుట, నిలుకడ తగ్గుట, కంటి శుక్లము, తల తిరుగుట పడుటకు ముఖ్యకారణములు. ఎత్తైన గడప, చేతిపట్టు లేని మిద్దె మెట్లు, పాచి పట్టిన బండలు వీటికి తోడగును. “అవ్వ పడునేమో” యని ఇంటివారు ఆమెను కదలనీయరు. ఇది ప్రేమతో చేయు పొరపాటు. కదలనికొలది కాళ్ల బలము క్షీణించి, ప్రమాదము పెరుగును.

వ్యాయామము

108 ప్రయోగముల ఫలితములను పండితులు 2019లో సమీక్షించిరి. వ్యాయామము చేయు వృద్ధులలో పడిపోవుటలు నూటికి 23 వంతున తగ్గినవని తేలినది. వారమునకు మూడు దినములైనను ఈ క్రింది విధముగా చేయవలెను:

1. గోడకు ఆనించిన గట్టి బల్లపై కూర్చుండి, మెల్లగా లేచి, మరల కూర్చుండవలెను. ఐదు పర్యాయములతో మొదలిడి పదికి పెంచవచ్చును.
2. గోడ పట్టుకొని మడమలు పైకెత్తి దించవలెను.
3. ఒక పాదము ముందు మరియొకటి యుంచి, పది లెక్కించువరకు నిలువవలెను.
4. గోడ వెంబడి ప్రక్కకు అడుగులు వేయవలెను.

మొదటి దినములలో ఇంటివారొకరు ప్రక్కన నిలువవలెను. గుండెజబ్బు గలవారు, ఇదివరకే పడినవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

డి విటమిను

ఎముకలు సున్నమును గ్రహించుటకు డి విటమిను అవసరము. మన ప్రాంతమున ఎండకు కొదువ లేదు. అయినను 2007లో తిరుపతి వైద్యులు ప్రచురించిన పరిశోధనలో పల్లెవాసులలోను ఈ లోపము కనిపించినది. గది విడువని వృద్ధులకు ఇది మరింత సహజము. పూట కొంతసేపు ముఖమునకు, చేతులకు ఎండ తగులనీయవలెను. వేసవిలో వడదెబ్బ తగులకుండ చూచుకొనవలెను. రాగిసంగటి, పాలు, పెరుగు సున్నము నిచ్చును.

అయితే మాత్రలు మ్రింగినంతనే పడుట తప్పునని నమ్మరాదు. ఆస్ట్రేలియాలో డెబ్బది యేండ్లు దాటిన స్త్రీలకు ఏడాదికొక పర్యాయము ఐదు లక్షల యూనిట్ల డి విటమినునిచ్చి చూడగా, వారు ఎక్కువగా పడిరని, ఎముకలు ఎక్కువగా విరిగినవని 2010లో వెల్లడైనది. కావున 60,000 యూనిట్ల పొట్లములను వైద్యుడు చెప్పక కొని వాడరాదు. లోపమున్నట్లు తేలినవారు మాత్రము చెప్పిన మోతాదును చెప్పిన కాలమువరకే తీసికొనవలెను.

ఇంటివారి విధి

పాచిని గీకి కడుగుడు. మెట్లకు చేతిపట్టు కట్టించుడు. రాత్రివేళ త్రోవలో దీపముంచుడు. కంటి పరీక్ష చేయించుడు. రక్తపుపోటు మందు వాడువారిని పడకపై కొంచెము కూర్చుండి పిదప లేవుమని చెప్పుడు.

అన్నిటికంటె ముందు, పెద్దలకు చేయూతనిచ్చి నడిపించుడు. వారిని కూర్చుండబెట్టుట సేవ కాదు; నిలువ నేర్పుటయే సేవ.