మందు మోతాదు గురించి వైద్యుణ్ణి అడగవచ్చా?

వాక్యభాగములు: 1 తిమోతి 5:23; 1 రాజులు 19:1-8; యెషయా 38:1-5, 21



బీపీకి, షుగరుకు ప్రార్థించమని సంఘంలో అందరి ముందు అడుగుతాము. ఆందోళనకు వాడే మాత్ర గురించి మాత్రం నోరు విప్పము. ఇక్కడ పార్సిప్పనీలో కూడా అంతే. వీసా దిగులు, ఉద్యోగ భయం, ఇండియాలో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల గురించిన బెంగ, ఇవన్నీ మోస్తూ మందు వాడేవారు మన మధ్య ఉన్నారు. వారి కోసమే ఈ పాఠం.

ఒక సహోదరికి వైద్యుడు ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. ఆరు వారాల తరువాత 20కి పెంచమన్నారు. ఆమెకు ఇప్పటికే పగలంతా మగతగా ఉంది. పెంచడం ఇష్టం లేదు, కాని డాక్టరుగారికి ఎదురు చెప్పడం ఎలా? ఆమె ముందు మూడు దారులున్నాయి: మాట్లాడకుండా మింగడం, ఎవరికీ చెప్పకుండా మానేయడం, లేదా అడగడం. మనలో చాలామంది మొదటి రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకుంటాము. వాక్యం మనకు మూడవదాన్ని నేర్పుతుంది.

1. మోతాదు మనిషిని బట్టి ఉంటుంది

తిమోతి కడుపు జబ్బు గురించి పౌలు రాసిన మాట గమనించండి. ఏమి పుచ్చుకోవాలో చెప్పాడు, కొంచెమే అని కొలత చెప్పాడు, తరచుగా వచ్చే బలహీనతల కోసమని కారణం కూడా చెప్పాడు. అది తిమోతి శరీరాన్ని ఎరిగి ఇచ్చిన సలహా.

నేటి వైద్యం కూడా ఇదే ఒప్పుకుంటుంది. ఎస్సిటలోప్రామ్ పెద్దలకు సాధారణంగా 10తో మొదలవుతుంది, 20 వరకు వెళ్తుంది. వృద్ధులలో ఎక్కువమందికి మాత్రం 10 చాలని ఆ మందు సూచనలలోనే ఉంది. కొందరి శరీరం ఈ మందును నెమ్మదిగా కరిగిస్తుంది గనుక అదే మాత్ర వారిలో ఎక్కువగా పనిచేస్తుంది. మీ శరీరం ఎలా ఉందో వైద్యునికి మీరే చెప్పాలి.

2. ప్రార్థన, మందు ఒకదానికొకటి శత్రువులు కావు

హిజ్కియా ప్రార్థన దేవుడు విన్నాడు, 15 సంవత్సరాల ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు వేయమన్నాడు. ఏలీయా ఇక చచ్చిపోతే చాలని కూలబడినప్పుడు దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చి రెండవసారి ఇచ్చాడు. "విశ్వాసముంటే మాత్రలెందుకు?" అని ఎవరైనా మీతో అంటే ఈ రెండు భాగాలు చదివి వినిపించండి.

3. అడగడం వేరు, మానేయడం వేరు

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజులలో ఆందోళన కొంచెం పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ వంటి మరో రకం మందులను హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చు, ప్రాణానికే ముప్పు. ఇవి అలవాటుగా మారే ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరికను మరింత కఠినం చేసింది. కాబట్టి తగ్గించాలన్నా వైద్యుని పర్యవేక్షణలో, మెల్లమెల్లగా తగ్గించాలి. ఉపవాస ప్రార్థన రోజుల్లో మాత్ర మానకండి. ఎలా వేసుకోవాలో ముందుగానే అడగండి.

4. ఏమి అడగాలి?

కాగితం మీద రాసుకొని వెళ్లండి:

- ఎందుకు పెంచుతున్నారు? ఇంకొన్నాళ్లు ఇదే మోతాదులో చూడవచ్చా?
- నాకు వస్తున్న మగత ఈ మందు వల్లనేనా? వేసుకునే వేళ మారిస్తే తగ్గుతుందా?
- ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి?
- ఎన్నాళ్లు వాడాలి? ఆపే రోజు వస్తే ఎలా ఆపాలి?
- మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా తీసుకోవచ్చా?

ఇండియా నుండి తెచ్చుకున్న మాత్రలు, అశ్వగంధ, నిద్రమాత్రలు, ఏవి వాడుతున్నా దాచకండి. అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీని అడగండి. ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు ఈ సేవను ఉచితంగా ఇవ్వాలి. కొడుకు ముందో కోడలి ముందో చెప్పుకోలేని మాటలు అప్పుడు బయటికి వస్తాయి. జవాబు తృప్తిగా లేకపోతే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవచ్చు, అందులో అవమానం లేదు. విన్న తరువాత "పెంచడమే మంచిది" అని తేలితే సంతోషంగా అంగీకరించండి. అడగడం అంటే తిరస్కరించడం కాదు.

మన ఊళ్లోనే ఉన్న గ్రేస్టోన్ పార్క్ మానసిక ఆసుపత్రి 1876లో తెరిచారు. 1950లలో అక్కడ 7,000 మందికి పైగా రోగులు కిక్కిరిసి ఉండేవారు. అలాంటి చోట్ల తన వైద్యం గురించి ఒక్కొక్క రోగి మాట ఎవరు వినగలరు? ఈ రోజు మీ మాట వినడానికి ఒక వైద్యుడు మీ ఎదుట కూర్చుంటున్నాడు. ఆ అవకాశాన్ని పోగొట్టుకోకండి.

చనిపోవాలన్న తలంపులు వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఏ వేళనైనా 988కి ఫోన్ చేయండి, ప్రాణాపాయమైతే 911కి.

ఆలోచించుటకు

1. మన సంఘంలో ఈ విషయం చెప్పుకోవడానికి ఎందుకు వెనుకాడుతున్నాము?
2. ఏలీయా పట్ల దేవుడు చూపిన ఓర్పును ఈ వారం ఎవరి పట్ల చూపగలము?
3. వైద్యుని దగ్గరకు ఒంటరిగా వెళ్లేవారికి తోడుగా ఎవరు వెళ్లగలరు?

ప్రార్థన: తండ్రీ, భయంతో రాత్రులు గడుపుతున్న మా వారిని ఆదరించు. అడగడానికి ధైర్యాన్ని, వినడానికి వినయాన్ని, వారికి వైద్యం చేసేవారికి జ్ఞానాన్ని దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.