పనిబల్ల క్రింద చక్రముల పెట్టె: ఎంచుకొను విధము

వరంగల్లు నుండి ఖమ్మము పోవు రహదారిపై నున్న మరిపెడలోను, దాని చుట్టుప్రక్కల పల్లెలలోను ఇంటి వసారాయే పనిశాలగా జీవనము సాగించు చేతిపనివారు కలరు. తలుపులు, మంచములు చేయు వడ్రంగి, కొడవళ్లకు పదును పెట్టు కమ్మరి, బోరు మోటార్లు బాగుచేయు మెకానిక్కు, వీరందరికిని పనిముట్లే అసలైన పెట్టుబడి.

పూర్వము వడ్రంగి నేలపై కూర్చుండి, కొయ్యను పాదముతో అదిమిపట్టి పనిచేసెడివాడు. ఉలి, బాడిస, రంపము, సుత్తి, మూలమట్టము మొదలైనవన్నియు ఒక్క సంచిలో ఇమిడిపోయెడివి. విద్యుత్తుతో నడచు రంపము, డ్రిల్లు, గ్రైండరు వచ్చిన పిమ్మట నిలుచుండి పనిచేయు బల్ల అవసరమైనది. బల్లతోపాటు పనిముట్లును పెరిగినవి. అవి బల్ల క్రింద కుప్పగా పడియున్నచో ఉలి మొన సుత్తికి తగిలి మొక్కవోవును. వానకాలపు చెమ్మకు రంపము త్రుప్పుపట్టును. పదునైన వస్తువు ఇంటిలోని పసిబిడ్డ చేతికి చిక్కును. వసారాకు తలుపు లేనిచో రాత్రివేళ దొంగల భయము వేరే.

వీటన్నిటికిని ఒక మంచి ఉపాయము చక్రములు గల సొరుగుల పెట్టె. పగలు దానిని పని దగ్గరకు లాగుకొనవచ్చును. పని ముగిసిన తరువాత బల్ల క్రిందికి నెట్టవచ్చును. జల్లు కొట్టినప్పుడు ఎవరి సహాయము లేకయే లోపలి ప్రక్కకు జరుపవచ్చును. అయితే ఈ పెట్టెను కంటితో చూచి కాక, కొలతతో ఎంచుకొనవలెను. కొలవక కొన్న పెట్టె బల్ల క్రింద దూరదు. దూరినను దాని సొరుగు తెరచుకొనదు.

మొదటి మెట్టు: ఖాళీని కొలుచుట

బల్ల ఎత్తు వేరు, బల్ల క్రింది ఖాళీ వేరు. బల్లపలక మందమును, దాని అడుగున అడ్డముగా బిగించిన పట్టె వెడల్పును ఎత్తులోనుండి తీసివేయవలెను. ఒక ఉదాహరణము చూడుడు. బల్ల ఎత్తు 84 సెంటీమీటర్లు. పలక మందము 5 సెంటీమీటర్లు, అడ్డపట్టె వెడల్పు 9 సెంటీమీటర్లు. అప్పుడు ఖాళీ 70 సెంటీమీటర్లు. నేల ఎగుడుదిగుళ్ల కొరకు 3 సెంటీమీటర్లు విడువవలెను. మిగిలిన 67 సెంటీమీటర్లే చక్రములతో కూడిన పెట్టె మొత్తము ఎత్తు.

ఇచటనే పలువురు పొరబడుదురు. దుకాణములో చెప్పు ఎత్తు ఒక్కొక్కప్పుడు పెట్టెకు మాత్రమే చెందినది; చక్రముల ఎత్తు అందులో చేరియుండదు. కావున “చక్రములతో కలిపి ఎత్తెంత?” అని అడిగి, దగ్గర నిలిచి కొలిపించవలెను. 3 అంగుళముల చక్రము దాని పట్టీతో కలిసి సుమారు 10 సెంటీమీటర్లు నిలుచును. కనుక పై లెక్కలో పెట్టెకు మిగులునది 57 సెంటీమీటర్లు మాత్రమే.

అడ్డపు కొలత తీసుకొనునప్పుడు కాళ్ల నడిమి దూరమును పైన, క్రింద రెండు చోట్ల కొలిచి, తక్కువైనదానిని గ్రహింపవలెను. ఇనుప పెట్టెలకు నెట్టుటకై ప్రక్కన పిడి యుండును. దానినికూడ వెడల్పులో చేర్చవలెను. బల్లకు వైసు బిగించియున్నచో దాని మర, కడ్డీలు పలక క్రిందికి వ్రేలాడును. ఆ వైపు ఎత్తును ప్రత్యేకముగా కొలువవలెను. వెనుక కాళ్లను కలుపు క్రింది పట్టె యున్నచో లోతు అంతవరకే యని ఎంచవలెను. పెట్టె ముందు భాగము బల్ల అంచుకంటె 7, 8 సెంటీమీటర్లు లోపలికే యుండవలెను. అప్పుడే బల్ల అంచుకు బిగింపు క్లాంపులు తగిలించుటకును, నిలుచున్నవాని పాదములకును చోటుండును.

కొలతలలో ఇంకొక చిక్కు కలదు. మన దేశమున 1956వ సంవత్సరపు చట్టముతో మెట్రికు పద్ధతి ఏర్పడినది. అయినను చక్రములను, చెక్కలను అంగుళములలో చెప్పు వాడుక పోలేదు. ప్లైవుడ్డు పలక పొడవు వెడల్పులు 8, 4 అడుగులు; దాని మందము మాత్రము మిల్లీమీటర్లు. అంగుళమనగా 2.54 సెంటీమీటర్లు. కొలతలన్నిటిని ఒకే మానములోనికి మార్చి కాగితముపై వ్రాసికొనిన తరువాతనే దుకాణమునకు పోవలెను.

రెండవ మెట్టు: నేలను బట్టి చక్రము

పెట్టె నడక దాని చక్రములపై నున్నది. నున్నని గచ్చుపైనను, షాబాదు బండలపైనను రబ్బరు లేక పాలీయురిథేను పూత గల చక్రములు చప్పుడు లేక నడచును; బండలను గీరవు. నైలాను చక్రములు బరువు మోయును గాని బండల సందులలో ఎగురును. మట్టినేలపై చిన్న చక్రము దిగబడును. అట్టిచోట పెద్ద చక్రముకంటె ముందుగా బల్ల ఎదుట కొంతమేర గచ్చు చేయించుట మేలు. చక్రము వ్యాసము పెరిగిన కొలది సందులను సులభముగా దాటును. కాని అంత ఎత్తును సొరుగులనుండి హరించును. ఈ రెంటికిని నడుమ 3 అంగుళముల చక్రము చాలామందికి సరిపోవును.

వెనుక రెండు చక్రములు సూటిగా పోవునవి, ముందు రెండు నలుదిక్కుల తిరుగునవి అయియుండుట మంచిది. బ్రేకులు ముందు చక్రములకుండవలెను. బల్ల క్రింద నున్నప్పుడు కాలికి అందునవి అవియే. తిరుగు చక్రము త్రిప్పినప్పుడు ప్రక్కకు పొడుచుకొని వచ్చును. కావున దానిని పెట్టె అంచునుండి కొంత లోపలికి బిగింపవలెను. వాననీరు పోవుటకై వసారా నేల వాలుగా నుండును; బ్రేకుతోపాటు చక్రము క్రింద ఒక కొయ్య చీలనుకూడ పెట్టవలెను. గడప దాటించవలసినచో రెండు వైపులను వాలుచెక్కలు వేసి, పై సొరుగులు ఖాళీచేసి మెల్లగా నడుపవలెను.

మూడవ మెట్టు: బరువు లెక్క

నాలుగు చక్రములున్నను ఎగుడుదిగుడు నేలపై ఒకటి గాలిలో నిలుచును. అప్పుడు భారము మూడింటిపైననే పడును. పెట్టె బరువు 25 కిలోలు, పనిముట్ల బరువు 65 కిలోలు అయినచో మొత్తము 90 కిలోలు. మూడిట భాగింపగా ఒక్కొక్క చక్రమునకు 30 కిలోలు. కుదుపులకొరకు మరికొంత కలిపి, 45 లేక 50 కిలోలు మోయు చక్రములు తీసుకొనవలెను.

బరువైన వస్తువులు అడుగు సొరుగులోను, తేలికవి పైసొరుగులలోను ఉంచవలెను. నిండు సొరుగులు రెండు మూడు ఒకేసారి వెలుపలికి లాగినచో భారము ముందు చక్రములను దాటిపోయి పెట్టె ముందుకు బోర్లపడును. కావున ఒక సొరుగు మూసిన తరువాతనే మరియొకటి తెరువవలెను. ఒకటి తెరచియుండగా తక్కినవి కదలని ఏర్పాటు గల పెట్టెలున్నవి. పిల్లలు తిరుగు ఇంటికి అవియే తగినవి.

నాలుగవ మెట్టు: సొరుగులు

పనిముట్లన్నిటిని నేలపై పరచి, ఎత్తు ప్రకారము వరుసలుగా పెట్టినచో ఎన్ని సొరుగులు కావలెనో అవియే చెప్పును. మన ఉదాహరణములోని 57 సెంటీమీటర్ల పెట్టెలో అడుగు, పై పలకలు 1.8 సెంటీమీటర్ల చొప్పున 3.6 పోగా 53.4 మిగులును. అందు 8, 10, 14, 20 సెంటీమీటర్ల ముఖములు గల నాలుగు సొరుగులు, వాని మధ్య సన్నని ఎడములు ఇమిడిపోవును. పైదానిలో ఉలులు, కొలబద్ద, మూలమట్టము; రెండవదానిలో పానాలు, ఆకురాళ్లు; మూడవదానిలో చిత్రికలు, డ్రిల్లు; అడుగున గ్రైండరు, సుత్తులు. ఉలుల మొనలు ఒకదానికొకటి తగులకుండ చెక్కలో గాళ్లు చేసి పడుకోబెట్టవలెను.

సొరుగు పూర్తిగా వెలుపలికి వచ్చు ఛానళ్లుండుట మేలు. సగమే వచ్చినచో వెనుకనున్న పనిముట్టు మరుపున పడును. ఛానలు మోయగల బరువునుకూడ అడిగి తెలిసికొనవలెను.

రేకు పెట్టెయా, చెక్క పెట్టెయా?

రేకు పెట్టె చెదలకు లొంగదు, తాళము గట్టిగా నుండును. దానిని కొనునప్పుడు గేజి చూడవలెను. గేజి సంఖ్య పెరిగిన కొలది రేకు పలుచన: 18 గేజి సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి సుమారు 0.9 మిల్లీమీటర్లు. రంగు లేచిన చోట త్రుప్పు మొదలగును గనుక వెంటనే రంగు పూయవలెను.

బల్ల కొలత మామూలుకు భిన్నమైనచో చెక్క పెట్టె చేయించుటయే ఉత్తమము. వడ్రంగికి అది తన చేతిలోని పనియే. తేమకు ఓర్చు బి.డబ్ల్యు.ఆర్. రకపు ప్లైవుడ్డు 18 మిల్లీమీటర్లది పెట్టెకు చాలును. చక్రములను మేకులతో కొట్టరాదు. మరలు, నట్లు వేసి బిగింపవలెను. గోడకు ఆనించినచో చెద ఎక్కును. జానెడు దూరము విడిచి, అప్పుడప్పుడు జరిపి చూడవలెను.

వానకాలమున పనిముట్లను పొడిగుడ్డతో తుడిచి, పలుచని యంత్రపు నూనె పూసి లోపల పెట్టవలెను. కొబ్బరినూనె కొంతకాలమునకు జిగురగును. వేడెక్కిన గ్రైండరును చల్లారకముందు సొరుగులో మూయరాదు.

సహాయము

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకములో వడ్రంగి, కమ్మరి మొదలుగా 18 వృత్తులవారికి స్థానము కలదు. పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయమును, హామీ లేకుండ తొలుత లక్ష, తరువాత 2 లక్షల వరకు 5 శాతము వడ్డీకి ఋణమును అందులో ఏర్పరచిరి. అర్హులైనవారు కామన్ సర్వీస్ కేంద్రములో విచారింపవచ్చును. వచ్చిన పనిముట్లను పదికాలములు నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనిది.

అభ్యాసము

ఒక బల్ల ఎత్తు 32 అంగుళములు. పలక 2 అంగుళములు, అడ్డపట్టె 3 అంగుళములు. విడువవలసిన ఎడము 1 అంగుళము, పట్టీతో చక్రము 4 అంగుళములు. పెట్టె ఎత్తెంత? జవాబు: 22 అంగుళములు, అనగా సుమారు 56 సెంటీమీటర్లు. ఈ లెక్క సరిగా వచ్చినవారు నేడే తమ బల్లను కొలిచి వ్రాసికొందురుగాక. కొలబద్దతో గడపిన పావుగంట, తరువాత ఎన్నియో ఏండ్ల అవస్థను తప్పించును.